సియర్‌ఎక్స్‌ఎన్‌జీ కంటైనర్ మాటిమాటికీ పడిపోతోంది, సాయం చేయండి

ప్రశ్న:
రెండు రోజులుగా దీంతోనే కుస్తీ పడుతున్నాను. సొంత సర్వర్‌లో డాకర్ కంపోజ్‌తో (ప్రోగ్రామ్‌లను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే సాధనం) సియర్‌ఎక్స్‌ఎన్‌జీ పెట్టాను, అదే, చాలా సెర్చ్ ఇంజిన్లను ఒకేసారి అడిగిపెట్టే ప్రోగ్రామ్. కంటైనర్ లేస్తుంది, కొన్ని సెకన్లకే పడిపోతుంది, మళ్ళీ తనంతట తానే లేస్తుంది. ఇమేజ్ (కంటైనర్ తయారయ్యే మూల ప్యాకేజీ) తీసేసి మూడుసార్లు మళ్ళీ దించుకున్నాను, అయినా మార్పు లేదు. సెట్టింగ్స్ ఫైల్ నెట్‌లో దొరికిన నమూనా నుంచి కాపీ చేసుకున్నదే, నేనేమీ ముట్టుకోలేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు:
ముట్టుకోకపోవడమే తప్పయి ఉంటుందండీ. ముందు డాకర్ కంపోజ్ లాగ్స్ కొట్టి చివరి పది లైన్లు చదవండి. సీక్రెట్ కీ మార్చలేదు, "అల్ట్రాసీక్రెట్‌కీ" కాకుండా ఇంకోటి పెట్టు అని అక్కడ కనిపిస్తుందని నా అనుమానం. నమూనా ఫైల్‌లో ఉండే కీ లోకమంతటికీ తెలిసిందే కదా, అందుకే దాన్ని అలాగే వదిలేస్తే సర్వర్ మొదలవ్వడానికే ఒప్పుకోదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే టూల్‌తో 32 బైట్ల ర్యాండమ్ హెక్స్ తీస్తే 64 అక్షరాల వరస వస్తుంది, దాన్ని ఆ కీ ఉన్నచోట పెట్టండి. ఇమేజ్ ఎన్నిసార్లు దించినా ఏమీ మారదు, ఎందుకంటే సెట్టింగ్స్ ఉన్నది ఇమేజ్‌లో కాదు, మీరు బయటి నుంచి మౌంట్ చేసిన, అంటే కంటైనర్‌కి జోడించిన ఫోల్డర్‌లో.

ఇంకో మాట, ఆ ఫైల్ యామల్ (సెట్టింగ్స్ రాసుకునే ఒక ఫార్మాట్) కాబట్టి లైన్ మొదట్లో ట్యాబ్ కొట్టకండి, స్పేస్‌లే వాడాలి. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, ట్యాబ్ ఒక్కటి పడినా ఫైల్ మొత్తం చదవలేనంటుంది.

అడిగినవారు:
అదేనండీ! లాగ్‌లో మీరన్న మాటే ఉంది, రెండు రోజుల్లో ఒక్కసారి కూడా అటు చూడలేదు. కీ మార్చాక పేజీ తెరుచుకుంది, చాలా థ్యాంక్స్. కానీ సాయంత్రానికి ఇంకో టెన్షన్. ఒక పెద్ద సెర్చ్ ఇంజిన్ నుంచి పొద్దున వచ్చిన రిజల్ట్స్ ఇప్పుడు రావట్లేదు, దాని పేరు పక్కన క్యాప్చా అని, సస్పెండ్ అయిందని చూపిస్తోంది. మిగతావి బాగానే వస్తున్నాయి.

జవాబు:
ఇది మీ కంటైనర్ లోపం కాదు. సియర్‌ఎక్స్‌ఎన్‌జీకి సొంత ఇండెక్స్ లేదు, మీ ప్రశ్నను తీసుకెళ్ళి పది చోట్ల అడిగి, వచ్చినవన్నీ కలిపి మీ ముందు పెడుతుంది. అవతలి సైట్‌కి అది మనిషిలా కాదు, బాట్‌లా కనిపిస్తుంది, అందులోనూ డేటా సెంటర్ ఐపీ అయితే అనుమానం ఇంకాస్త ఎక్కువ. క్యాప్చా, అంటే మనిషేనా అని తేల్చుకునే పరీక్ష, ఎదురైతే సియర్‌ఎక్స్‌ఎన్‌జీ ఆ ఇంజిన్‌ని మామూలుగా 86400 సెకన్లు, అంటే రోజంతా పక్కన పెడుతుంది. రిక్వెస్ట్‌లు ఎక్కువయ్యాయని జవాబొస్తే 3600 సెకన్లు. ఈ అంకెలు సెట్టింగ్స్‌లో తగ్గించుకోవచ్చు గానీ, వద్దంటున్నవాళ్ళ తలుపు పదేపదే కొడితే బ్లాక్ ఇంకా గట్టిపడుతుంది, కాబట్టి తగ్గించకండి. ఒక్క ఇంజిన్ మీదే ఆధారపడకుండా ఇంకో మూడు నాలుగు ఆన్ చేసుకోండి. ఏదైనా టైమౌట్ అని చూపిస్తే అది వేరే సంగతి, మామూలుగా ఒక్కో ఇంజిన్‌కి మూడు సెకన్లే గడువు, నెమ్మదిగా జవాబిచ్చేదానికి మాత్రం కాస్త పెంచితే సరిపోతుంది.

మరొకరు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, ఒక్కటి అడగాలి. కంపోజ్ ఫైల్‌లో పోర్ట్ ఎలా రాశారు?

అడిగినవారు:
8080:8080 అని. సర్వర్‌లో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంది, 8080 మూసే ఉంచాను.

మరొకరు:
మూసి లేదండీ, దయచేసి ఇప్పుడే మార్చండి. డాకర్ పోర్ట్ పబ్లిష్ చేసేటప్పుడు, అంటే బయటికి తెరిచేటప్పుడు, ఐపీటేబుల్స్‌లో (లినక్స్ ఫైర్‌వాల్ రూల్స్ ఉండే చోటు) తన రూల్స్ తానే రాసుకుంటుంది, ఆ ట్రాఫిక్ యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్ దాకా రాకుండానే కంటైనర్‌లోకి వెళ్ళిపోతుంది. యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్ మాత్రం పోర్ట్ మూసే ఉందని చూపిస్తుంది. మొబైల్ డేటాతో సర్వర్ ఐపీ, పక్కన 8080 కొట్టి చూడండి, పేజీ తెరుచుకుంటే నేనన్నది నిజం. అలా ఉంటే ఎవరి బాట్లో వచ్చి మీ సర్వర్‌తో వేల సెర్చ్‌లు చేయించుకుంటాయి, బ్లాక్ అయ్యేది మీ ఐపీ. ఆ క్యాప్చాకి ఇదే కారణమైనా ఆశ్చర్యం లేదు.

సర్వర్ లోపలి నుంచే తెరుచుకునేలా 127.0.0.1:8080:8080 అని రాసి, బయటి నుంచి రావాలంటే ముందు ప్రాక్సీగా (మధ్యలో నిలబడి రిక్వెస్ట్‌లు అందించేది) క్యాడీ గానీ ఎన్‌జింక్స్ గానీ పెట్టి పాస్‌వర్డ్ అడిగించండి. ఆ ప్రాక్సీ కూడా కంటైనరే అయితే, దాని లోపలి నుంచి 127.0.0.1 అంటే ఆ కంటైనర్ తానే, మీ సర్వర్ కాదు. అక్కడ కంపోజ్‌లో ఉన్న సర్వీస్ పేరు రాయాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

అడిగినవారు:
చూశాను, నిజంగానే తెరుచుకుంది. గుండె జారిపోయింది. వెంటనే మార్చేశాను, ఇప్పుడు బయటి నుంచి రావట్లేదు. చివరిగా ఒకటి, నా సెర్చ్‌లు ఇక ఎవరికీ తెలియవనుకోవచ్చా?

జవాబు:
పూర్తిగా అనుకోవద్దు. మీ కుకీలు, బ్రౌజర్ వివరాలు అవతలికి వెళ్ళవు, సెట్టింగ్స్‌లో ఇమేజ్ ప్రాక్సీ ఆన్ చేస్తే రిజల్ట్స్‌లోని బొమ్మలు కూడా సర్వర్ ద్వారానే వస్తాయి. కానీ సర్వర్ ఐపీ వెళ్తుంది. వాడేది మీరొక్కరే అయితే ఆ ఐపీ నుంచి వచ్చే ప్రతి ప్రశ్నా మీదే, కలిసిపోవడానికి పక్కన గుంపు లేదు. ఇంట్లోవాళ్ళు, స్నేహితులు కూడా వాడితే కొంత నయం. రిజల్ట్ మీద క్లిక్ చేశాక మాత్రం ఆ సైట్‌కి మీ అసలు ఐపీయే కనిపిస్తుంది.

ఇంకొకరు:
నాదీ చిన్న సందేహం. స్క్రిప్ట్ నుంచి జేసన్ ఫార్మాట్‌లో (ప్రోగ్రామ్‌లు చదువుకునే రూపం) అడిగితే 403, అంటే అనుమతి లేదని వస్తోంది. బ్రౌజర్‌లో బాగానే ఉంది.

జవాబు:
మొదట హెచ్‌టీఎంఎల్, అంటే బ్రౌజర్ పేజీ రూపం ఒక్కటే అనుమతిస్తుంది. సెట్టింగ్స్‌లో సెర్చ్ విభాగం కింద ఫార్మాట్స్‌లో జేసన్ కూడా చేర్చి రీస్టార్ట్ చేయండి.

ఇద్దరికీ చెప్పేది, అప్‌డేట్‌కి రీస్టార్ట్ చాలదు, పాత ఇమేజే మళ్ళీ లేస్తుంది. డాకర్ కంపోజ్ పుల్ కొట్టి, ఆ తర్వాత అప్ కొట్టండి. సెర్చ్ సైట్లు తమ పేజీలు మారుస్తూనే ఉంటాయి, పాత ఇమేజ్‌కి ఆ కొత్త పేజీలు చదవడం రాదు. ఏదైనా ఇంజిన్ ఉన్నట్టుండి ఖాళీగా వస్తే లాగ్ చూసి, వెంటనే ఈ పని చేయండి.