“ఎడతెగక బాఱు నేరు”: ఆ “ఎడ” కాలానిదా, చోటుదా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి): సభ్యులకు నమస్కారం. మార్చి 22న, అంటే ప్రపంచ జల దినోత్సవం నాడు, మా వీధి పిల్లలకు ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో ఆరవదాని కింద ఉన్న ఐదవ అంశాన్ని తెలుగులో చదివి వినిపించే పని నామీద పడింది. 2030 నాటికి అన్ని స్థాయిలలోనూ సమీకృత జలవనరుల నిర్వహణను, తగిన చోట సరిహద్దులు దాటిన సహకారంతో సహా, అమలు చేయాలన్నది దాని సారాంశం. నేను చదువుకున్నది ఒడియా మాధ్యమంలో. నా తెలుగు మా అమ్మమ్మ నోటి నుంచి వచ్చినది. “సుస్థిర జల నిర్వహణ” అని రాయబోతుండగా ఆమె చెప్పే సుమతీ పద్యంలోని రెండవ పాదం గుర్తుకు వచ్చి, అప్పటి నుంచీ వదలడం లేదు: “ఎప్పుడు నెడతెగక బాఱు నేరును ద్విజుడున్”. ఆమె “ఎడ” దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆ తరువాతనే “తెగక” అనేవారు. ఆ విరుపుకు ఆధారమేమైనా ఉన్నదా, లేక అది ఆమె ఊపిరికి సంబంధించినదేనా?

కాశీనగరం మాస్టారు: ఛందస్సులో ఆధారం లేదమ్మా. “ఎప్పుడు” భగణం, “నెడతెగ” నలం, “కబాఱు” జగణం. నాలుగు లఘువులూ ఒకే గణంలో ఉన్నప్పుడు రెండింటి తరువాత ఆగవలసిన పని లేదు. “ఎడతెగు” అనేది ఒకే క్రియ. ఎడతెగని వాన, ఎడతెగని మాటలు అన్నప్పుడు మనం దాన్ని విడదీసి ఆలోచించము. కవి చెప్పినది ఏడాది పొడవునా పారే ఏటి గురించి. ఆ “ఎడ”, అంటే నడుమ పడే సందు, కాలానిది.

గుణుపురం నుంచి: మాస్టారి గణవిభజన మీద నాకు పేచీ లేదు, అర్థం మీదనే ఉన్నది. “ఎప్పుడున్” అని ముందే అన్న కవి, వెంటనే “ఎడతెగక” అని మళ్లీ కాలాన్నే ఎందుకు చెప్తాడు? అది పునరుక్తి అవుతుంది. కాలం మొదటి మాటతో తీరిపోయింది కాబట్టి రెండవది చోటును చెప్పాలి: పుట్టిన కొండ నుంచి కడలి దాకా నడుమ ఎక్కడా తెగనిది. వైశాఖంలో మా ఊరి దగ్గర వంశధార ఇసుక మధ్య మడుగులు మడుగులుగా మిగిలినప్పుడు చూసినవారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. ఏటిలో నీరు ఉంటుంది, ఏరు మాత్రం తెగి ఉంటుంది. అమ్మమ్మగారి విరుపు సరైనదే.

కాశీనగరం మాస్టారు: నీటి విషయంలో “తెగు” అంటే మన వైపు ముందుగా స్ఫురించేది గండి. చెరువు తెగింది అంటే కట్ట తెగిందనే. మీ వాదన ప్రకారం ఎడతెగని ఏరు అంటే గట్టు తెగని ఏరు అనీ చెప్పుకోవచ్చును. పునరుక్తి అంటారా, నొక్కి చెప్పడానికి నీతికారులు చెప్పినదే చెప్పడం కొత్త కాదు.

బరంపురం పాతకాపు: అసలు అక్షరాన్ని ఇద్దరూ వదిలేశారు. కీలకం “ఎడ”లో లేదు, “బాఱు నేరు”లోని “న”లో ఉన్నది. అది నుగాగమం, అంటే సంధిలో నడుమ వచ్చి చేరే నకారం. ఉదంతమైన, అంటే ఉకారంతో ముగిసే, తద్ధర్మార్థక విశేషణానికి అచ్చు పరమైతే నుగాగమం వస్తుందని చిన్నయసూరి సూత్రం. అంటే ఇక్కడ “పాఱు” అన్నది మూడు కాలాలలోనూ పారడమే స్వభావంగా గలది అని. 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ సుస్థిరాభివృద్ధికి నిర్వచనం ఇస్తూ, రేపటి తరాల అవసరాలకు లోటు రానీయకుండా నేటి అవసరాలు తీర్చుకోవడం అన్నది కదా. ఆ మూడు కాలాలూ ఒక్క తద్ధర్మార్థకంలో ఒదిగి ఉన్నాయి. “సుస్థిరం” అంటే కదలనిది. పారేదాన్ని పట్టుకుని కదలనిది అనడం నాకెప్పుడూ రుచించలేదు. “నిలకడ” అన్నా అంతే. నిలవ నీరు అనగానే దోమలు గుర్తుకు వస్తాయి.

కాశీనగరం మాస్టారు: నుగాగమం సంగతి ఒప్పుకుంటాను. అయితే “ఎడతెగక బాఱు”లో “పా” “బా” అయినదంటే “తెగక” ద్రుతాంతం (చివర నకారం గలది) కావడం వల్లనే అని కూడా చెప్పి ఉంటే పాఠం పూర్తి అయ్యేది.

రాయగడ, నాగావళి గట్టు: వ్యాకరణాన్ని కాసేపు పక్కన పెట్టి, ప్రశ్న వచ్చిన సందర్భాన్ని చూడవలసినదిగా కోరుతున్నాను. సరిహద్దులు దాటిన సహకారంలో గుణుపురం వారు చెప్పిన చోటి ఎడ నిజంగానే ఉన్నది. సెనెగల్ నది కోసం మాలి, మారిటానియా, సెనెగల్ 1972లో ఒక సంస్థను పెట్టుకుని, మనంతాలి, దియామా ఆనకట్టలను ఉమ్మడి ఆస్తిగా నడుపుకుంటున్నాయి. వంశధార మీది మన నేరడి బ్యారేజీకి 2017లో జలవివాదాల ట్రైబ్యునల్ అనుమతి ఇచ్చిన తరువాత కూడా ఒడిశా వైపు భూమి దగ్గర పని ఆగడం చూసినవారికి, ఉమ్మడి ఆస్తి అనే ఊహ ఎంత దూరమైనదో అర్థమవుతుంది. అయినా ఆ సంస్థలో, నది తలాపు ఉన్న గినీ 2006 దాకా లేదు. మెకాంగ్ కమిషన్‌లో 1995 నుంచి దిగువన ఉన్న నాలుగు దేశాలే సభ్యులు. ఎగువన ఉన్న చైనా, మయన్మార్ సంభాషణలో భాగస్వాములు మాత్రమే. ఒప్పందం ఉన్నది, ఏడాది పొడవునా నడుస్తున్నది, కానీ నది మొదలు నుంచి తుది దాకా లేదు. దాన్ని ఎడతెగినది అనక మరేమనాలి?

కాశీనగరం మాస్టారు: అలాగైతే నా పక్షాన సింధు ఒప్పందం ఉన్నది. ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంతో 1960లో కుదిరిన ఆ ఒప్పందం 1965, 1971 యుద్ధాలలోనూ తెగలేదు. 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం దాన్ని నిలుపుదల చేసినప్పుడు ఎడ పడినది కాలంలోనే, చోటులో కాదు.

రాయగడ, నాగావళి గట్టు: ఆ ఉదాహరణ నాకూ పనికివస్తుంది గానీ వదిలేస్తున్నాను. ఇంకొక మాట కూడా చూడండి. 1997లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన జలమార్గాల ఒడంబడికలో ఐదవ అధికరణం చెప్పేది సమాన వినియోగం కాదు, సముచిత వినియోగం. మన ఒడిశా, ఆంధ్రలు 1962లో వంశధారను సగం సగం అనుకున్నాయి, అది సమానం. తెలుగు పత్రికలు రెండింటికీ “సమాన” అనే రాస్తే పేచీ మొదలయ్యేది అక్కడనే. ఆ ఒడంబడిక మీద ఓటు వేయవలసి వచ్చినప్పుడు భారతదేశం తటస్థంగా ఉన్నది. ముప్ఫై అయిదు దేశాలు చేరి అది అమలులోకి రావడానికి 2014 దాకా పట్టింది. పంపకానికి మన పాత మాట “పాలు”. పాలుపంచుకోవడం అన్నా అదే పాలు, పాలివాడు అన్నా అదే పాలు. సహకారమూ దాయాది తగాదా ఒక్క ధాతువులో ఉన్న భాష మనది.

బరంపురం పాతకాపు: పాలు నామవాచకం, ధాతువు కాదు. పోనీయండి. ఎగువ దిగువల మాట వచ్చినది కాబట్టి శ్రీనాథుడిని తలచుకోకుండా ఉండలేను. పల్నాటిలో నీరు దొరకక ఆయన చెప్పాడని లోకం చెప్పుకునే చాటువులో “గంగ విడుము పార్వతి చాలున్” అన్న ముగింపు ఉన్నదే, ఎగువవాడికి దిగువవాడు పెట్టుకున్న విన్నపాలలో అంత మర్యాదగానూ అంత పొగరుగానూ ఉన్నది నేను వేరే చూడలేదు. తిరిపెమెత్తేవాడికి ఇద్దరు భార్యలెందుకని ఎగతాళి చేస్తూనే నీళ్లు అడిగాడు మహానుభావుడు.

గుణుపురం నుంచి: అక్కడ “విడుము” అంటే భార్యగా వదిలేయమనా, నీటిగా వదలమనా?

బరంపురం పాతకాపు: రెండూను. ఒక అర్థమే ఉంటే అది శ్రీనాథుడిది అని జనం ఎందుకు అంటారు? జటలో బిగించినవాడు ఎగువ రాష్ట్రం; గేటు తాళం అతని దగ్గరే ఉన్నది.

కాశీనగరం మాస్టారు: భగీరథుడి కోసం ఒకసారి విడిచే ఉన్నాడు గదా. శ్రీనాథుడు అడిగినది తన వంతు. చాటువు మీద వేరే చర్చ పెట్టుకుందాం.

మహేంద్రతనయ: అందరికీ కృతజ్ఞతలు. నా వాక్యం మాత్రం ఇంకా పూర్తి కాలేదు. “తగిన చోట” అన్నాను కదా, మూలంలోని ఆ చిన్న మాట వల్లనే సహకారం చేసినా చేయకపోయినా తప్పు పట్టడానికి వీలు లేకుండా పోతున్నదని నాకు అనిపించినది. దానికి అదే పద్యంలోని “చొప్పడిన” వాడవచ్చునా? అప్పుడు మొత్తం వాక్యం ఒకే పద్యం నుంచి వచ్చినట్లు ఉంటుంది.

కాశీనగరం మాస్టారు: చొప్పడు అంటే తగు అనీ ఉన్నది, లభించు అనీ ఉన్నది. “చొప్పడిన యూర నుండుము” అన్నచోట కవి చెప్పినది ఏరూ వైద్యుడూ దొరికిన ఊరిలో ఉండమని. ఆ అర్థం తీసుకుంటే మీ వాక్యం “సహకారం దొరికిన చోట” అని అవుతుంది, జాగ్రత్త.

రాయగడ, నాగావళి గట్టు: అలా అయితేనే అది నిజానికి దగ్గరగా ఉంటుంది.

గుణుపురం నుంచి: ఇంతకూ “ఎడ” తరువాత ఖాళీ ఉంచుతున్నారా, కలిపి రాస్తున్నారా?

మహేంద్రతనయ: కలిపి రాశాను. చదివేటప్పుడు మాత్రం అమ్మమ్మ ఆగిన చోట ఆగుతాను.

బరంపురం పాతకాపు: ఆగండి, కానీ “ఏరును” తరువాత “ద్వి” వచ్చినా “ను” లఘువుగానే ఎందుకు మిగిలిందో ఎవ్వరూ అడగలేదు.