మిద్దె తోటలో హైబ్రిడ్ మొక్క పెడితే తప్పా? నాటు విత్తనమే వాడాలా?

ఉప్పల్_మిద్దె:
అందరికీ నమస్తే. నాలుగేళ్లుగా మిద్దె మీద కూరగాయలు పెంచుతున్నా, ఓ ముప్పై టబ్బులు, పదిహేను గ్రో బ్యాగులు, ట్యాంకు పక్కన పందిరి మీద సొర, బీర. వారంలో నాలుగు రోజులు కూర పైనుంచే వస్తుంది. విషయం ఏంటంటే నేను ఒక విత్తనాల మార్పిడి గ్రూపులో ఉన్నా, అక్కడ పోయిన వారం ఒక కొత్త అమ్మాయి తన టమాటా మొక్క ఫోటో పెట్టింది, గుత్తికి ఏడెనిమిది కాయలు, చూస్తుంటే కడుపు నిండిపోయింది. ఏం విత్తనం అని ఎవరో అడిగితే నర్సరీ నుంచి హైబ్రిడ్ నారు తెచ్చా అంది. అంతే, "పిల్లలకి విషం పెడుతున్నావు", "అది జన్యుమార్పిడి తిండి", "మా విత్తనాలు కూడా చెడగొడతావు" అని మొదలుపెట్టి సాయంత్రానికి ఆ పిల్లని గ్రూపులోంచి తీసేశారు. రాత్రి నాకు విడిగా మెసేజ్ పెట్టింది, మొక్క పీకేయాలా అక్కా అని. కాయలున్న మొక్కని! నాకు ఏం చెప్పాలో తోచలేదు, ఎందుకంటే నావి కూడా రెండు టబ్బులు హైబ్రిడ్ టమాటానే, గ్రూపులో ఎప్పుడూ చెప్పలేదు. మీరు ఏమంటారో మొహమాటం లేకుండా చెప్పండి.

పాతపంటలు_జహీరాబాద్:
అక్కా, తీసేసుడు తప్పే, కొత్త పిల్లను అట్ల అనొద్దు. కానీ నా మాట ఏందంటే మిద్దె తోటల హైబ్రిడ్ అవసరమే లేదు. మనం అమ్ముకునేటోళ్లం కాదు, ఎకరానికి ఇన్ని టన్నులు రావాలె అని లెక్క లేదు, మరి ఎందుకు? ప్రతి ఏడు మళ్లా పాకెట్ కొనుక్కోవాలె, కంపెనీ ఆ రకం ఆపేసిందంటే అంతే సంగతి. మా దిక్కు పస్తాపూర్‌ల డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) సంఘం ఆడోళ్లు జొన్న, సామ, కొర్ర, పప్పుల విత్తనాలు ఇంట్ల బుట్టలల్ల పెట్టి, బూడిద, వేపాకు కలిపి, పైన మన్ను పూసి ఏండ్లకేండ్లు కాపాడుకున్నరు, 2019ల ఐక్యరాజ్యసమితి వాళ్లిచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది వాళ్లకి. సదువు లేని ఆడోళ్లు చేసిన పని అది. వాళ్ల పాత పంటల జాతరకి పోయి చూసినోళ్లకి తెలుస్తది విత్తనం అంటే ఏందో. పట్నంల టబ్బుల ముందర కూసున్నోళ్లం మనం ఒక్క బెండకాయని ముదరబెట్టి గింజ తీసుకోలేమా?

మదనపల్లె_రైతుబిడ్డ:
అన్నా మీ మాటకి గౌరవమే, కానీ జొన్న, కొర్ర వేరు, టమాటా వేరు. మాది మదనపల్లె దగ్గర, ఇంట్లో పుట్టినప్పట్నుంచి టమాటానే చూసినా. మా నాయన నాటు టమాటా పెట్టినప్పుడు ఆకుముడత వచ్చిందంటే తోట తోటంతా ముడుచుకుపోయేది, పైన ఆకులు చిన్నగా గిన్నె మాదిరి పైకి లేచి, పూత వచ్చినా నిలిచేది కాదు. అది వైరస్, తెల్లదోమ మోసుకొచ్చేది, ఒకసారి మొక్కకి పట్టినాక ఏ మందు కొట్టినా పోదు. దోమని చంపడానికి మాత్రం వారానికోసారి మందు కొట్టేవాళ్లు. ఇప్పుడు తట్టుకునే హైబ్రిడ్లు వచ్చినాక కొట్టేది తగ్గింది. బెంగుళూరు హెసరఘట్టలో ఉద్యాన పంటల పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ వాళ్లు ఇచ్చిన అర్క రక్షక్ ఉంది చూడండి, ఆకుముడత, వడలు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునేట్టు చేసినారు, అది హైబ్రిడ్డే, సర్కారు సంస్థదే. హైబ్రిడ్ అంటే విషం అని ఎట్లా అంటారు, మందు తక్కువ పడే మొక్క విషమా, వారానికోసారి మందు తాగే మొక్క విషమా?

ఉప్పల్_మిద్దె:
నాకూ ఇదే అనుభవం తమ్ముడూ. రెండేళ్లు నాటు టమాటా పెట్టా, రెండేళ్లూ ఆకుముడతకి పోయాయి. వేపనూనె లీటరు నీళ్లకి ఐదు ఎంఎల్, కాస్త కుంకుడురసం కలిపి కొట్టా, పసుపు రంగు జిగురు అట్టలు కట్టా, దోమ తగ్గింది కానీ ముడుచుకున్న మొక్క మళ్లీ విచ్చుకోలేదు. అందుకే హైబ్రిడ్‌కి వచ్చా.

బెజవాడ_బాల్కనీ:
నేను చేసిన పొరపాటు చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. నాది తూర్పు వైపు బాల్కనీ, పన్నెండు కుండీలు. పోయిన ఏడాది హైబ్రిడ్ టమాటా బ్రహ్మాండంగా కాసింది, అన్నీ ఒకే సైజు, కోలగా, గట్టిగా. ఇంత మంచి కాయ గింజ వదులుకోవడమెందుకని బాగా పండిన రెండు కాయల గుజ్జు గ్లాసులో మూడు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టి దాచా. ఈసారి ఆ గింజలతో ఆరు మొక్కలు వచ్చాయి, ఆరూ ఆరు రకాలు! ఒకటి నడుం దాకా ఎదిగి ఆగిపోయింది, ఇంకొకటి గ్రిల్ దాటి పైవాళ్ల బాల్కనీలోకి పోయింది, ఒకదాని కాయలు రేగుపళ్లంత, ఒకదానివి పెద్దవే కానీ వానకి పగిలిపోయాయి, రెండింటికి ముడత వచ్చింది. నర్సరీలో గింజ తీయొద్దని ఒక్క మాట చెప్పి ఉంటే బావుండేది. నాటు విత్తనం పేరుతో నాకు ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారండోయ్, అవి కూడా ఇలా హైబ్రిడ్ కాయ నుంచి తీసినవేనని తర్వాత తెలిసింది. కాబట్టి నాటు అని చెప్పి ఇచ్చినవన్నీ నాటు కావు.

రాజేంద్రనగర్_అగ్రి:
నేను ఇక్కడే హార్టికల్చర్ చదువుకున్నా, రెండు విషయాలు చెప్పాలి, ఎందుకంటే ఆ గ్రూపులో ఆ అమ్మాయిని అన్న మాటల్లో తప్పు ఉంది.

హైబ్రిడ్ వేరు, జన్యుమార్పిడి వేరు. హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు తల్లిదండ్రి రకాల్ని పెట్టుకుని, ఒకదాని పుప్పొడి ఇంకోదాని పువ్వుకి అద్ది తీసిన మొదటి తరం గింజ, అదే ఎఫ్‌1. తేనెటీగ తోటలో చేసే పనే, కాకపోతే మనిషి ఎంచి చేస్తాడు. టెన్త్‌లో మెండెల్ బఠానీలు చదివాం కదా, మొదటి తరం అంతా ఒకేలా ఉంటుంది, రెండో తరంలో గుణాలు విడిపోతాయి, బెజవాడ వాళ్ల ఆరు మొక్కల కథ అదే. జన్యుమార్పిడి అంటే ల్యాబ్‌లో వేరే జీవి జన్యువు పెట్టడం. మన దేశంలో రైతులు వేసుకోవడానికి అలా అనుమతి వచ్చి పొలాల్లో పండేది బీటీ పత్తి, 2002 నుంచి. బీటీ వంకాయకి 2009లో ఇలాంటి పంటల్ని చూసే కేంద్ర కమిటీ ఒప్పుకున్నా 2010 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేష్ ఆపేశారు, ఇప్పటికీ ఆగే ఉంది. జన్యుమార్పిడి టమాటాకి ఇక్కడ అనుమతే లేదు. కాబట్టి ఆ అమ్మాయి పిల్లలకి పెట్టింది మామూలు టమాటానే, దయచేసి ఆమెకి ఈ మాట ముందు చెప్పండి, రాత్రి నిద్రపోయి ఉండదు పాపం.

ఇక రెండోది, నాటు, హైబ్రిడ్ అని రెండే ఉన్నట్టు మాట్లాడుతున్నారు అందరూ, మధ్యలో సూటి రకాలు ఉన్నాయి. యూనివర్సిటీలు, పరిశోధన కేంద్రాలు మంచి మొక్కలు ఎంచి తయారుచేసిన రకాలు, గింజ తీసి మళ్లీ వేసుకోవచ్చు, తల్లి గుణమే వస్తుంది. వంగలో భాగ్యమతి మన దగ్గర తయారైందే. టమాటాలో పూసా రూబీ, పీకేఎం 1. బెండలో అర్క అనామిక, ఆకు ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులుని తట్టుకోవడానికే తెచ్చారు, ఇప్పుడు కొన్నిచోట్ల దానికీ వస్తోంది అనుకోండి. మిద్దె తోటకి నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇవే.

పాతపంటలు_జహీరాబాద్:
జన్యుమార్పిడి కాదన్నది ఒప్పుకుంటున్న, ఆ మాట అన్నోళ్లు తప్పు. సూటి రకాలు కూడ మంచియే, గింజ నీ చేతిల ఉంటది కదా. నా కొట్లాటంతా గింజ చేతిల లేని దాని మీదనే. ఇంకోటి, పాకెట్ చింపితే గులాబీ రంగు గింజలు వస్తయి చూడు, అది థైరమ్ లాంటి శిలీంధ్రం మందు పట్టించిన గింజ, పిల్లలతోని విత్తిపిస్తుంటరు, చెయ్యి కడుక్కోవాలెనని కూడ ఎవ్వరు చెప్పరు.

రాజేంద్రనగర్_అగ్రి:
అది నిజం అన్నా. రంగు గింజల్ని పిల్లలతో పట్టించొద్దు, పెద్దవాళ్లు వేసినా చేతులు సబ్బుతో కడగాలి. కాకపోతే మందు పట్టించడం హైబ్రిడ్‌కే కాదు, సూటి రకాల పాకెట్లలోనూ ఉంటుంది.

రాజమండ్రి_పెరడు:
నా వయసు అరవై ఎనిమిది, ఇంటి వెనక ఐదు సెంట్ల పెరడు, అమ్మ దగ్గర్నుంచి వచ్చిన సొర గింజ నాది. అమ్మ టమాటాని రామ్ములక్కాయ అనేది, పరాయి దేశం నుంచి వచ్చిన కాయేనట, ఆమె మాత్రం మనదే అనుకుని పెంచింది. సరే, చెప్పొచ్చేదేంటంటే నాటు విత్తనం దాచుకోవడం చేతకాకపోతే నాటుతోనూ ప్రమాదమే. మూడేళ్ల క్రితం నా పాదు సొరకాయ చెక్కు తీసి అలవాటుగా చిన్న ముక్క నోట్లో వేసుకున్నాను, కాకరకాయ నయం, నాలుక మీదనుంచి చేదు గంట దాకా పోలేదు. కాయ చూస్తే లేతగా, నిగనిగలాడుతూ ఉంది, ఏ తేడా లేదు. నాలుగు కాయలు కోసి చూశాను, నాలుగూ చేదే, పాదు మొత్తం పీకేశాను. పక్క వీధిలో ఎవరో పిచ్చి సొర పెంచారు, దాని పుప్పొడి ముందు ఏడాదే నా పువ్వులకి పడి ఉంటుంది, ఆ గింజ నేను దాచాను. అమ్మలూ, చేదు సొరకాయ వండొద్దు, జ్యూస్ అసలు తాగొద్దు, ఆ చేదు జ్యూస్ తాగి ప్రాణాలు పోయినవాళ్లు మన దేశంలో ఉన్నారు. బెల్లం వేస్తే పోతుందిలే అనుకోకండి.

ఎడిసన్_గోంగూర:
మాది న్యూజెర్సీ, కమ్యూనిటీ గార్డెన్‌లో ఒక ప్లాట్ తీసుకుని గోంగూర, చిక్కుడు, మిర్చి వేస్తాం. పెద్దమ్మగారు చెప్పినట్టు గింజ దాచాలనే మా ఆశ కూడా, కానీ గోంగూర విషయంలో మా చేతుల్లో లేదు. గోంగూరకి పగలు తగ్గితేనే పువ్వు వస్తుంది, మాకు జూన్‌లో పగలు పదిహేను గంటలు, సెప్టెంబర్ చివరికి గానీ పన్నెండుకి రాదు. అప్పుడు మొగ్గ వేస్తుంది, పువ్వు వచ్చి కాయ ముదిరేలోపు అక్టోబర్‌లో మంచు పడి ఒక్క రాత్రిలో మొక్క నల్లబడిపోతుంది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ముదురు గింజ చేతికి రాలేదు. ఊరినుంచి సూట్‌కేస్‌లో తెద్దామంటే పురుగు, తెగులు లేదని ఇచ్చే ఫైటోసానిటరీ సర్టిఫికెట్ లేకుండా విత్తనాలు తేకూడదు, ఎయిర్‌పోర్ట్‌లో తీసేసుకుంటారు. అందుకే ఏటా కొంటాం. మీ ఊళ్లో చిక్కుడు సంక్రాంతికి విరగకాయడం కూడా ఈ పగలు తగ్గడం వల్లే అని ఇక్కడికి వచ్చాకే తెలిసింది నాకు. గింజ దాచుకోగలిగే చోట ఉన్నవాళ్లు దాచుకోండి, నిజంగా అదృష్టవంతులు మీరు.

మదనపల్లె_రైతుబిడ్డ:
ఒక్క మాట. రుచి లేదు అని హైబ్రిడ్‌ని తిడతారు చూడండి, మార్కెట్ కాయ దూరం పోవాలని తోలు మందంగా ఉండే రకం వేస్తాం, అదీ పచ్చి మీదే కోస్తాం. అదే కాయని మీ టబ్బులో చెట్టు మీదే ఎర్రగా పండనిచ్చి తిని చూడండి, ఆ తర్వాత చెప్పండి. నాటుకి ఉన్న పులుపు రాదు, అది ఒప్పుకుంటా, మా ఇంట్లో కూడా రసానికి నాలుగు నాటు మొక్కలు గనిమ గట్టు మీద ఉంటాయి.

బెజవాడ_బాల్కనీ:
అయితే ఏ గింజ దాచాలి, ఏది కొనాలి? టమాటా, వంగ ఓకే, మరి బీర, సొర పక్కింటివాళ్లతో కలవకుండా ఎలా?

రాజేంద్రనగర్_అగ్రి:
టమాటా, చిక్కుడు, బొబ్బర్లు తమ పువ్వులో తామే ఫలదీకరణం చెందుతాయి, పెద్దగా కలవవు, సూటి రకమైతే ధైర్యంగా దాచండి. వంగ, బెండ, మిర్చి కొంత కలుస్తాయి, విత్తనానికి అనుకున్న మొక్కమీద నాలుగు మొగ్గలకి పల్చటి గుడ్డ సంచి కట్టండి చాలు. సొర, బీర, కాకర, గుమ్మడిలో మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు, పూర్తిగా ఈగల మీదే ఆధారం, అక్కడే మన చెయ్యి పడాలి. రేపు విచ్చుకుంటాయనుకున్న ఆడ మొగ్గని, మగ మొగ్గని ముందే దారంతో కట్టేయండి. సొర, బీర సాయంత్రం విచ్చుకుంటాయి, గుమ్మడి తెల్లవారుజామున. ఆ టైమ్‌కి దారం విప్పి, మగ పువ్వు రేకలు తుంచేసి ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రుద్ది, మళ్లీ కట్టేయండి. తొడిమకి గుర్తు కట్టడం మర్చిపోవద్దు, లేకపోతే కూరకి కోసేస్తారు.

పాతపంటలు_జహీరాబాద్:
ఉప్పల్ అక్కా, ఆ పిల్లకి చెప్పు, మొక్క పీకొద్దని. కాసినన్ని రోజులు తినమను, గింజ మాత్రం ఎవ్వరికి ఇయ్యొద్దని చెప్పు. నా దగ్గర చిన్న రామ్ములగ గింజ ఉంది, గోళీ అంత కాయ, ముడత తక్కువ వస్తది, ఎనిమిదేండ్ల సంది మా ఇంట్ల వేస్తున్న. ఇద్దరికీ పంపిస్త. నా మాట అయితే మారలే, వచ్చే ఏడు ఆ రెండు టబ్బుల హైబ్రిడ్ ఉండొద్దు అంటున్న.

ఉప్పల్_మిద్దె:
థాంక్స్ అన్నా, పంపండి, పక్కపక్కనే పెట్టి చూస్తా, ముడత తట్టుకుంటే మీదే వేస్తా, తట్టుకోకపోతే మాత్రం ఒక టబ్బు హైబ్రిడ్ ఉంచుతా, దాచకుండా చెప్తున్నా. ఆ అమ్మాయితో నిన్న మాట్లాడా, జన్యుమార్పిడి కాదని చెప్పగానే ఏడ్చేసింది. గ్రూపులో నావి కూడా హైబ్రిడ్ టబ్బులేనని ఫోటోతో పెట్టా, ఇంకా ఎవరూ ఏమీ అనలేదు, ఇద్దరు మాత్రం విడిగా మావి కూడా అని మెసేజ్ పెట్టారు. నిన్న సాయంత్రం ఆరుంపావుకి పందిరి కింద స్టూలేసుకుని సొర పువ్వు దారం విప్పా, తెల్లటి రేకలు పట్టుకుంటేనే చిట్లేంత పల్చగా ఉన్నాయి, మగ పువ్వు రుద్దుతుంటే వేళ్లకి పసుపు అంటుకుంది. తొడిమకి ఎర్ర ఊలు దారం కట్టా, మా అత్తయ్యకి చూపించి ఇది కోయొద్దని కూడా చెప్పా. పిందె నిలిస్తే ఫోటో పెడతా.