పీసీఓఎస్ ఉన్నవారు అన్నం పూర్తిగా మానేయాలా?

కావలి అమ్మాయి:
నా వయసు 24, బరువు 72 కిలోలు. నెలసరి రెండు నెలలకోసారి కూడా సరిగా రాకపోవడంతో పరీక్షలు చేయించుకుంటే పీసీఓఎస్ (అండాశయాల్లో నీటి బుడగలు కనిపించే హార్మోన్ల సమస్య) అని తేలింది. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లు మాత్రం సరిగానే ఉన్నాయి. బరువు తగ్గమన్నారే తప్ప ఏం తినాలో విడమరచి చెప్పలేదు. తెల్లన్నమే దీనికి మూలమని బంధువులు చెప్పగా, మూడు నెలలుగా ఉదయం బెల్లం వేసిన రాగిజావ, రెండు పూటలా కొర్రన్నం మాత్రమే తీసుకుంటున్నాను. అరకిలో కూడా తగ్గలేదు. మొలకొలుకుల అన్నం, చేపల పులుసు చేసిన రోజున అందరి మధ్యా వేరే కంచం పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో నెల్లూరు వాళ్లకు చెప్పనక్కరలేదు. అన్నం మానక తప్పదా?

నెల్లూరు డైటీషియన్:
మానవలసిన పని లేదమ్మా. 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా పీసీఓఎస్‌కు ఫలానా ఆహార పద్ధతే మేలని చెప్పలేదు. ఈ సమస్య ఉన్న చాలామందిలో రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ సరిగా పనిచేయక, శరీరం దానిని మరింతగా తయారుచేస్తుంది. ఆ అధిక ఇన్సులిన్ అండాశయాల్లో పురుష హార్మోన్లను పెంచడం వల్ల అండం పూర్తిగా ఎదగక, నెలసరి తప్పుతుంది. స్కానింగులో కనిపించే నీటి బుడగలు అలా ఎదగక ఆగిపోయినవే. కాబట్టి చూడవలసింది భోజనం తరువాత రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందన్నదే.

ఆ లెక్కన మీ రాగిజావే నాకు ముందుగా అనుమానం కలిగిస్తోంది. మెత్తగా విసిరి, బాగా ఉడికించిన పిండి త్వరగా అరిగి చక్కెరగా మారుతుంది, దానికి బెల్లం తోడైతే పంచదార వేసుకున్నట్టే. దాని బదులు పెసరట్టో, రెండు కోడిగుడ్లో తినండి. కొర్రల్లో పీచు ఎక్కువే అయినా, మంచిదన్న ధీమాతో కంచం నిండా పెట్టుకుంటే పిండిపదార్థం తగ్గదు. కంచంలో సగం కూరగాయలు, పావు భాగం పప్పో చేపో, మిగిలిన పావే అన్నం ఉండాలి. కూర, చేప ముక్కలు ముందు తిని అన్నం చివర తింటే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. పులుసులో నూనె మాత్రం తేలకూడదు, మన వైపు అది తేలితేనే రుచి అంటారు గనుక ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఒంగోలు అక్క:
చెల్లీ, నేను 81 కిలోల నుంచి 76కు రావడానికి ఏడు నెలలు పట్టింది. అంతకే నెలసరి 35 రోజులకు కుదిరింది. బరువులో 5 శాతం తగ్గినా తేడా కనిపించవచ్చని డాక్టరు గారు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. నేను అన్నం మానలేదు, సాయంత్రం పులిబొంగరాలు, టీలో రెండేసి చెంచాల పంచదార మానాను, రాత్రి భోజనం ఎనిమిదింటికి ముగించి పావుగంట నడిచాను. మొదటి రెండు నెలలు ముల్లు కదలకపోతే ఏడ్చిన మాట కూడా నిజమే.

కావలి అమ్మాయి:
ఈ రోజు కొలిచి చూస్తే నేను పూటకు నాలుగు గరిటెల కొర్రన్నం తింటున్నాను, కూర ఒక్క గరిటే. తప్పు ఎక్కడుందో అర్థమైంది. వేసవిలో బంగినపల్లి మామిడి తినవచ్చా?

నెల్లూరు డైటీషియన్:
తినవచ్చు. అన్నం మీద కాకుండా, సాయంత్రం సగం పండును గుప్పెడు వేరుశనగ గింజలతో తినండి, రసం తీసి తాగవద్దు. ఇంకొక మాట, నెలసరి మూడు నెలలు దాటినా రాకపోతే ఆహారంతోనే సరిచేద్దామని ఆగవద్దు. గర్భాశయపు లోపలి పొర మందంగా పేరుకుపోతుంది కనుక డాక్టరును తప్పక కలవండి. ఇన్సులిన్ బాగా పనిచేయడానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మందు రాస్తే, ఏళ్ల తరబడి వాడేవారికి విటమిన్ బి12 తగ్గవచ్చు, ఆ పరీక్ష గురించి అప్పుడే అడిగి ఉంచుకోండి.