షుగర్‌తో కిడ్నీ దెబ్బతింటే తెల్లగడ్డ చాలా? మాత్ర మానేయొచ్చా?

ప్రశ్న (కావలి నుంచి):
మా నాయనకు పన్నెండేళ్లుగా షుగర్. పోయిన నెల యూరిన్ టెస్టులో అల్బుమిన్ (ఒక ప్రొటీన్), క్రియాటినిన్ నిష్పత్తి 140 వచ్చింది. డాక్టర్ టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర రాశారు. పక్కింటాయన మాట విని, పొద్దున్నే ఎనిమిది తెల్లగడ్డ రెబ్బలు నీళ్లతో గుటుక్కున మింగుతున్నాడు. ఇక మాత్ర ఎందుకంటాడు. గుండెకు స్టెంట్ ఉంది, ఆస్పిరిన్ కూడా వాడుతున్నాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఒంగోలు నుంచి):
తమ్ముడూ, నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, డాక్టర్ని కాను. ఆ నిష్పత్తి 30 దాటితే కిడ్నీ నుంచి ప్రొటీన్ కారుతోందని లెక్క, 300 దాటితే బాగా ముదిరినట్టు. మీ నాయనది మధ్యలో ఉంది. ఇప్పుడే మాత్ర మానేస్తే ఎట్లా?

పక్కింటాయన మాట పూర్తిగా గాలి కబురు కాదులే. వలవని రెబ్బను వాసన చూడు, ఏమీ ఉండదు. దంచితే ఇల్లంతా ఘాటు. అల్లిన్ అనే గంధకపు పదార్థం, దాన్ని మార్చే ఎంజైమ్ రెబ్బలో వేర్వేరు గదుల్లో ఉంటాయి. నలిగితే రెండూ కలిసి అల్లిసిన్ అవుతుంది. అది విరిగి డైఅల్లైల్ డైసల్ఫైడ్, ట్రైసల్ఫైడ్ లాంటివి పుడతాయి. మందిచ్చి షుగర్ తెప్పించిన ఎలుకల్లో ఇలాంటివి కిడ్నీ దెబ్బను తగ్గించాయి. కానీ అవి ఎలుకలు. మనుషుల్లో మాత్ర బదులు తెల్లగడ్డ చాలని ఎవరూ తేల్చలేదు. పైగా నమలకుండా మింగితే ఆ అల్లిసిన్ సరిగా పుట్టనే పుట్టదు!

టెల్మిసార్టాన్ అట్లా కాదు. కిడ్నీ జల్లెడ మీద పడే ఒత్తిడిని దించుతుంది, ప్రొటీన్ కారడం తగ్గిస్తుంది. అది మనుషుల్లోనే రుజువైంది.

నాకు భయమల్లా ఆస్పిరిన్‌తో. పచ్చి తెల్లగడ్డ ఎక్కువైతే రక్తాన్ని ఇంకా పలచన చేస్తుంది. ఎనిమిది రెబ్బల సంగతి డాక్టర్‌కు చెప్పండి. పన్ను పీకించుకునేటప్పుడైనా సరే, ముందే చెప్పాలి.

ప్రశ్న:
అన్నా, మరి కారం దోశ? తెల్లగడ్డ కారం లేకపోతే నాయన ప్లేటు ముట్టడు.

జవాబు:
తిననీ. కూరలో, కారంలో వేసే నాలుగు రెబ్బలతో తంటా లేదు, ఆ కారంలో ఉప్పుతోనే. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు, అంటే చెంచాడు కూడా దాటకూడదు. ఊరగాయతోనే సగం అయిపోతుంది. ఉప్పు తగ్గించి దంచమని అమ్మకు చెప్పు. అలాగని సోడియం తక్కువ అని అమ్మే ఉప్పు తేవద్దు. చాలావాటిలో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టాన్ వాడేవాళ్లకు, కిడ్నీ బాగాలేనివాళ్లకు రక్తంలో పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం.

ప్రశ్న అడిగినాయన:
ఇప్పుడే వంటింట్లో ఉప్పు ప్యాకెట్ తిప్పి చూశాను అన్నా. పొటాషియం క్లోరైడ్ అనే రాసి ఉంది. బీపీకి మంచిదని నేనే తెచ్చాను.