పర్లాకిమిడిలో 14 ఏళ్ల అబ్బాయిని దారిలో పెట్టాలంటే ఎవరిని కలవాలి?

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా వీధిలో ఒక అబ్బాయికి 14 ఏళ్లు. తండ్రి పోయాడు, తల్లి నాలుగిళ్లలో పని చేస్తుంది. వాడు బడి మానేసి తనకన్నా పెద్దవాళ్లతో తిరుగుతున్నాడు. ఈమధ్య ఫోను దొంగతనంలో దొరికితే పోలీసులు మందలించి వదిలేశారు. మనసు చెడ్డది కాదు; చెల్లెలికి అన్నం పెట్టి గానీ తాను తినడు. మళ్లీ దొరికితే విషయం పిల్లల కేసులు విచారించే బాల న్యాయ మండలి దాకా వెళ్తుందేమోనని తల్లి కుమిలిపోతోంది.

పిల్లల సంరక్షణకు కేంద్ర ప్రభుత్వం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద ఇలాంటి పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉందనీ, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలనీ చదివాను. ఆమెకు ఒడియా చదవడం రాదు. ఇక్కడగానీ, రాయగడ, బరంపురంలోగానీ ఎవరైనా ఈ సాయం పొందారా? ఏ కాగితాలు అడిగారు? పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేస్తే తెలుగులో మాట్లాడేవారు దొరుకుతారా?

నిజానికి డబ్బుకన్నా ముందు, వాడితో ఓపికగా కూర్చుని మాట్లాడే మనిషి కావాలి. తెలుగు వచ్చిన కౌన్సెలర్ గానీ, సాయంత్రాలు పిల్లలను చదివించే సంస్థ గానీ ఉంటే చెప్పండి. హాస్టలుకు పంపేయమని మాత్రం దయచేసి అనకండి, వాడిని దూరం చేసుకోవడం తల్లికి ఇష్టం లేదు.