ఎంఏ హిస్టరీకి 30 లక్షల అప్పు చేయొచ్చా?

హనుమకొండ పిల్ల
ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఏ హెచ్ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్) అయిపోయింది. సీయూఈటీ పీజీ ఎంట్రన్స్ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)లో ఎంఏ హిస్టరీ సీటు తెచ్చుకున్నా. లండన్‌లో ఒక యూనివర్సిటీ నుంచి ఏడాది ఎంఏకి ఆఫర్ లెటర్ కూడా వచ్చింది, ఫీజు 24 వేల పౌండ్లు. నాన్న ఆర్టీసీలో మెకానిక్. ఇంటి జాగా కాగితాలు పెడితే బ్యాంకు వాళ్ళు 30 లక్షలు ఇస్తామన్నారు. "సాఫ్ట్‌వేర్ పిల్లలకు అందరూ చేస్తలేరా, నా బిడ్డకు నేనెందుకు చేయొద్దు" అని నాన్న పట్టు. నాకేమో నిజాం కాలం నాటి భూమి శిస్తు మీద పనిచేయాలని, పీహెచ్‌డీ దాకా పోవాలని ఉంది. ఏం చేయమంటారు?

లెక్కల మాస్టారు
ముందు లెక్క చూద్దాం తల్లీ. 30 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్ళు. నెలకు 41 వేల పైచిలుకు కిస్తీ. చదివే ఏడాది వడ్డీ ఇందులో కలపలేదు. ఇక నీ దారి. అన్నీ కలిసొచ్చి యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్పు) కొట్టావనుకో, 2023 నుంచి దానికి ఇచ్చేది నెలకు 37 వేలు. ఫెలోషిప్పు మొత్తం బ్యాంకుకే పోసినా ఇంకా నాలుగు వేలు బాకీ. మెస్సు బిల్లు ఎవరు కడతారు? ఎంఎస్‌కి వెళ్ళేవాళ్ళు డిగ్రీ అవగానే జీతం వస్తుందన్న ధీమాతో అప్పు చేస్తారు. నీకు ఎంఏ తర్వాత ఇంకో ఐదారేళ్ళ చదువుంది.

30 లక్షలతో ఆగుతుందనుకోకు. వీసా కోసం లండన్‌లో బతకడానికి నెలకు 1,529 పౌండ్ల చొప్పున 9 నెలల డబ్బు ఖాతాలో 28 రోజులు కదలకుండా చూపించాలి. అది ఫీజు కాక. ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు.

థేమ్స్ ఒడ్డు
మాస్టారూ, లెక్క కాదనను. కానీ ప్రతిసారీ ఇదే జరుగుతుంది. ఇంజినీరింగు పిల్లాడు 40 లక్షలు అప్పు చేస్తే "ధైర్యవంతుడు", హిస్టరీ అమ్మాయి చేస్తే "ఆలోచించుకో తల్లీ". నేనూ అప్పుతోనే వెళ్ళా. బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల (బ్రిటిష్ వాళ్ళ ఇండియా పాలన కాగితాలు) ముందు కూర్చోవడం మాటలు కాదు. రీడర్ పాసుకి పైసా తీసుకోరు. (2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగాక కేటలాగు చాలాకాలం మూలపడింది, అది వేరే ఏడుపు.) చదువైపోయాక పని చేసుకోవడానికి రెండేళ్ళ గ్రాడ్యుయేట్ వీసా ఉంది.

గండిపేట గాలి
ఆ రెండేళ్ళు 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకి 18 నెలలే. పైగా ఏడాది ఎంఏ ఇక్కడ చెల్లదు, జేఎల్ (జూనియర్ లెక్చరర్) పోస్టుకి పనికిరాదు.

థేమ్స్ ఒడ్డు
చెల్లదన్నది పాత మాట, అన్నా. డిగ్రీల పరస్పర గుర్తింపు మీద 2022 జులైలో భారత్, బ్రిటన్ ఒప్పందం చేసుకున్నాయి, అందులో ఏడాది మాస్టర్స్ కూడా ఉంది. 18 నెలల సంగతి నిజమే.

తార్నాక కాగితం
చెల్లె, అందరు పైసల సంగతే మాట్లాడుతున్నరు. నువ్వు చదవాల్సిన కాగితం యాడుంది, ఏ భాషల ఉంది? అది అడుగు ముందు.

1880ల దాంక నిజాం సర్కారు భాష పార్సీ (పర్షియన్), తర్వాత ఉర్దూ. 1865ల దివాను సాలార్‌జంగ్ జిల్లాబందీ చేసినప్పటి (రాజ్యాన్ని జిల్లాలుగ విడగొట్టినప్పటి) శిస్తు ముచ్చట నీకు ఇంగ్లిషుల దొరికేది ఎక్కువగ రెసిడెంటు, అంటే హైదరాబాదుల ఉండే బ్రిటిష్ ప్రతినిధి, చెప్పిందే. దఫ్తరు కాగితాలు తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌ల ఉన్నయి. అవి షికస్తా అనే గొలుసుకట్టు రాతల ఉంటయి: చుక్కలు సగం ఉండవు, ఒక అక్షరం ఇంకో అక్షరంల కలిసిపోతది, అంకెలు కూడా మామూలు అంకెల తీరు ఉండవు. ఉర్దూ పేపరు గడగడ చదివేటోళ్ళు సుత అక్కడ ఆగిపోతరు. ఆ చదువు ఒక్క ఏడాది ఎంఏల రాదు. లండన్‌ల తొమ్మిది నెలలు క్లాసులు, ఎండకాలంల డిసర్టేషను, అయిపాయె.

హెచ్‌సీయూల చేరు. పక్కనే గచ్చిబౌలిల మానూ (మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ) ఉంది, పార్సీ డిపార్టుమెంటు ఉంది. ఓయూల ఉంది. రెండేండ్లు పొద్దున హిస్టరీ, మాపటికి పార్సీ. అప్పుడు నిన్ను వద్దనే పీహెచ్‌డీ గైడు ఉండడు, ఇక్కడైనా అమెరికలనైనా. అక్కడి మంచి యూనివర్సిటీలల్ల హిస్టరీ పీహెచ్‌డీకి సీటొస్తే ఫీజు మాఫీ, పైన స్టైపెండు. ఎంఏకి మాత్రం నీ జేబుల కెళ్ళే.

నల్లగొండ అక్క
తార్నాక కాగితం అన్నయ్య మాటకు నేను సగమే ఒప్పుకుంటా. "నీ ఊరి చరిత్ర నీ ఊర్లోనే చదువుకో" అని బీసీ, ఎస్సీ పిల్లలకే ఎక్కువ చెప్తారు. 2022లో కేంద్రం ఎస్సీ తదితర పిల్లలకు విదేశీ చదువుకి ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు నిబంధనలు మార్చి భారతదేశ సంస్కృతి, వారసత్వం, చరిత్ర మీద పరిశోధనను తీసేసింది. ఎస్సీ పిల్ల తన జాతి చరిత్ర మీద విదేశంలో పనిచేస్తానంటే పైసా లేదు. కాబట్టి లండన్ పోవద్దని కాదు, సొంత జాగా తాకట్టు పెట్టి పోవద్దని చెప్పండి. రాష్ట్రంలో బీసీ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షలు ఉంది, అందులో హ్యుమానిటీస్ కూడా వస్తుంది. అప్లై చేశావా చెల్లీ?

హనుమకొండ పిల్ల
నాన్న జీతం ఏడాదికి ఐదు లక్షలు దాటింది అక్కా. ఆదాయ పరిమితి దగ్గరే ఆగిపోయా. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్పుకి రెండేళ్ళ ఉద్యోగ అనుభవం అడుగుతున్నారు. ఫెలిక్స్ స్కాలర్‌షిప్పు గురించి ఆలస్యంగా తెలిసింది.

లెక్కల మాస్టారు
అదిగో, ఇలాంటి ఇళ్ళే నలిగిపోయేది. జీతం ఉందని సాయం రాదు, ఆ జీతం కిస్తీకి చాలదు. ఫెలిక్స్ ఆక్స్‌ఫర్డ్, రెడింగ్, సోయాస్‌లలో మనవాళ్ళకి ఇస్తారు, ఫస్ట్ క్లాసు కావాలి. హెచ్‌సీయూలో ఉంటూనే వేయొచ్చు. లండన్ ఆఫర్‌ని వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారేమో అడుగు. డిపాజిట్ మాత్రం కట్టకు.

థేమ్స్ ఒడ్డు
వాయిదా వేస్తే కొత్త ఏడాది ఫీజు పడుతుంది, చాలాచోట్ల అంతే. ఇంకో మాట: వాయిదా అన్నది మన ఇళ్ళలో పెళ్ళి సంబంధం అయి కూర్చుంటుంది. అబ్బాయిలకు ఆ గొడవ లేదు.

నల్లగొండ అక్క
తమ్ముడూ, ఇన్ని పోస్టుల్లో నువ్వన్న నిఖార్సయిన మాట ఇదే. అయినా జాగా కాగితాలకంటే నాన్నతో ఆ మాట తేల్చుకోవడం తేలిక.

హనుమకొండ పిల్ల
నాన్న సంబంధాల ఊసెత్తరు, అమ్మమ్మే. డిపాజిట్ గడువు 15వ తారీఖు, ఈలోపు వాయిదాకి మెయిల్ పెడుతున్నా. కాగితం అన్నా, మానూలో పార్సీ సర్టిఫికెట్ కోర్సు వేరే యూనివర్సిటీ వాళ్ళని చేర్చుకుంటారా? సాయంత్రం క్లాసులేనా?

తార్నాక కాగితం
రేపు పోయి డిపార్టుమెంటుల అడిగి చెప్త. ఈలోపు ఉర్దూ అలిఫ్ బే మొదలువెట్టు.