పియాజెట్టా పిల్లాడి తల: నకలు నీలి కాగితం మీదా, గోధుమరంగు మీదా?

గీతలపిచ్చి:
జొవాన్ని బత్తిస్తా పియాజెట్టా (వెనిస్, మరణం 1754) నల్లసుద్ద, తెల్లసుద్దలతో వేసిన పిల్లాడి తల ఒకటి నకలు తీయాలి. ఫొటోలో కాగితం గోధుమరంగులో ఉంది. అదే రంగు కాగితం కొనొచ్చా?

కాగితప్పులి:
వద్దండీ. ఆయన తలలు ఎక్కువగా నీలి కాగితం మీదే. నీలిరంగు పాత గుడ్డల గుజ్జుతో తీసేవారు. పైగా ఆ తలలు అమ్మకానికి వేసినవి, అద్దం బిగించి గోడకు తగిలించుకునేవి. ఏళ్ల తరబడి వెలుతురు తగిలి నీలం ఎగిరిపోయింది, బూడిదో గోధుమో మిగిలింది. మౌంటు (బొమ్మ చుట్టూ బిగించే అట్ట) కింద దాగిన అంచున అసలు రంగు దొరుకుతుంది.

సుద్దముక్క:
గోధుమ కాగితం కనిపిస్తే చాలు, ఒకప్పుడు నీలమే అంటారు. గోధుమ కాగితాలు అప్పుడూ ఉన్నాయి. గీతలపిచ్చి అడిగింది నకలు గురించి. కంటికి కనిపించేది గీస్తే సరి.

బొగ్గుపొడి:
ముందు ఫిక్సెటివ్ (సుద్ద రాలకుండా కొట్టే జిగురు స్ప్రే) సంగతి చెప్పండి, అందరూ అక్కడే పాడుచేస్తారు.

సుద్దముక్క:
నల్ల పని పూర్తయ్యాక, ఒక అడుగు దూరం నుంచి పల్చగా రెండుసార్లు కొట్టి ఆరనివ్వండి. తెల్ల ఆ తర్వాతే. దాని మీద స్ప్రే వద్దు. రేణువుల మధ్య గాలి ఉంటేనే సుద్ద తెల్లగా కనిపిస్తుంది. ఆ సందుల్లో జిగురు నిండితే మాయమవుతుంది.

కాగితప్పులి:
బాగుంది, కానీ మాట దాటేశారు. ఆ బొమ్మలో వెలుగుకీ నీడకీ మధ్యరంగు కాగితమే. చెంపలో సగం ఖాళీగా వదిలేశాడు. కాగితం రంగు మారేసరికి ఆ వెలుగునీడల మెట్లు చెదిరి, నుదుటి మీది తెల్ల అతికించినట్టుంది. మీరు నకలు తీయమంటున్నది బొమ్మను కాదు, దానికి పట్టిన తెగులును!

సుద్దముక్క:
మీరు గీయమంటున్నది మీ ఊహను. ఏ నీలం? ఎంత ముదురు? అంచు కత్తిరించేసిన బొమ్మకు ఎక్కడ చూసి చెబుతారు? ఇప్పుడున్న స్థితి కనీసం అందరి కళ్లెదుటా ఉంది.

బొగ్గుపొడి:
మీ గొడవ కాగితం గురించి కాదు. ఒకరికి 1740ల నాటి బొమ్మ కావాలి, ఇంకొకరికి ఇవాళ్టిది.

గీతలపిచ్చి:
ఫొటో పెద్దది చేసి చూశా. ఎడమ అంచున సన్నటి బూడిదనీలం చార ఉంది.

కాగితప్పులి:
చెప్పానా!

సుద్దముక్క:
కెమెరా నీడ కూడా అలాగే ఉంటుంది. సరే, నీలం మీదే గీయండి. తెల్ల మాత్రం నుదురు, ముక్కు కొన, కింది పెదవి, అంతే. కనుగుడ్డులో పెట్టారో, పిల్లాడు బొమ్మలకొలువులో బొమ్మలా గుడ్లురుముతాడు.